సంతకం పెట్టాడు కాబట్టి న్యాయమేనా?
సిపాయి పింఛను గురించి కొన్ని ఆలోచనలు

మన గూడేల్లో పది, ఇంటర్ పూర్తిచేసిన కుర్రాళ్ళు తెల్లవారకముందే రోడ్డెక్కి పరుగెత్తడం ఇప్పుడు మామూలైపోయింది. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది కాబట్టి ఫోన్‌లో టైం పెట్టుకుని మరీ పరుగెత్తుతున్నారు. ఎత్తు కొలతలో ఆదివాసీలకు కొంత సడలింపు ఉంది. కొండలెక్కి దిగిన కాళ్ళు కాబట్టి పరుగు మనవాళ్ళకి పెద్ద లెక్క కాదు. చిక్కంతా ఆ తర్వాతి ప్రశ్న దగ్గర వస్తోంది. "నాలుగేళ్ళయ్యాక ఏంటి మాష్టారూ?" అని అడుగుతున్నారు.

మేము బడిపంతుళ్ళం. తుపాకీ పట్టినవాళ్ళం కాదు. కానీ ఈ ప్రశ్నకి "అది ప్రభుత్వం చూసుకుంటుందిలే" అని చెప్పి తప్పుకోలేం. ఒక కుర్రాడు తన ఒంట్లో బలం ఉన్న మంచి వయసుని, అవసరమైతే ప్రాణాన్ని, దేశం చేతిలో పెడతానంటున్నాడు. దేశం అతనికి తిరిగి ఏం బాకీ పడుతుంది? ఎన్నేళ్ళు చేస్తే ఆ బాకీ పుడుతుంది? పదిహేనేళ్ళు చేసినవాడికి జీవితాంతం పింఛను, నాలుగేళ్ళు చేసినవాడికి ఒక్కసారి డబ్బు ఇచ్చి పంపేయడం న్యాయమేనా? దీన్ని లెక్కల ప్రశ్నగా మాత్రమే చూడకూడదు. ఇది నీతి ప్రశ్న కూడా. మన పిల్లలతో కలిసి మనమే ఆలోచించుకోవాల్సిన ప్రశ్న.

పింఛను దయా, జీతమా?

ముందు పింఛను అంటే ఏమిటో తేల్చుకోవాలి. దీనికి మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. పాతకాలపు రాజులు మెచ్చి ఇచ్చిన ఈనాం లాంటిదని కొందరంటారు. అదే నిజమైతే ఇవ్వడం, మానడం ఇచ్చేవాడి ఇష్టం. పని చేసినప్పుడే పూర్తిగా ఇవ్వకుండా దాచిపెట్టి తర్వాత ఇచ్చే జీతం అని మరికొందరంటారు. అదే నిజమైతే చేసిన పనికి తగ్గట్టు ఎంతోకొంత అందరికీ రావాలి. ఇక మూడో జవాబు: పని చేసి చేసి ఒళ్ళు అరిగిపోయినవాడిని నడివీధిలో వదిలేయకూడదన్న సమాజపు మాట. అదే నిజమైతే ఎన్నేళ్ళు చేశాడన్నది ఒక్కటే చూడకూడదు, ఏ స్థితిలో ఇంటికి వచ్చాడన్నది కూడా చూడాలి.

మన సుప్రీంకోర్టు 1982 డిసెంబర్ 17న నకారా కేసులో ఇచ్చిన తీర్పు మొదటి జవాబుని కొట్టేసింది. 1979లో పింఛను లెక్కకట్టే పద్ధతిని ప్రభుత్వం మెరుగుపరిచింది. కానీ ఒక తేదీ పెట్టి, ఆ తేదీ తర్వాత రిటైరైనవాళ్ళకే కొత్త లెక్క వర్తిస్తుందంది. ఒక్కరోజు ముందు దిగిపోయినవాడికి పాత లెక్కే. సైన్యంలో పనిచేసినవాళ్ళు కూడా ఈ గీతకి అవతల మిగిలిపోయారు. ఒకే పని చేసినవాళ్ళని తేదీతో రెండు ముక్కలు చేయడం సమానత్వానికి విరుద్ధమని కోర్టు చెప్పింది. పింఛను ఎవరి దయా కాదని, అది హక్కని, గడిచిన సేవకి ప్రతిఫలమే కాక సామాజిక భద్రత కూడా అని వివరించింది. అందుకే పింఛనుదారులు ఆ రోజుని ఇప్పటికీ తమ రోజుగా జరుపుకుంటారు.

అంటే రెండో జవాబు, మూడో జవాబు రెండూ నిజమే. ఈ రెంటినీ చేతిలో పట్టుకుని సిపాయి సంగతి చూద్దాం.

ముప్పై ఏడేళ్ళకే పింఛనా?

"మేం అరవై దాటాక కానీ దిగం, వాళ్ళకి ముప్పై ఏడేళ్ళకే పింఛనా?" అని ఉద్యోగస్తులు కొందరు అంటుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో మా రిటైర్మెంట్ వయసు 62 ఏళ్ళు, తెలంగాణలో 61. పైకి చూస్తే ఆ మాటలో అర్థం ఉన్నట్టే ఉంటుంది.

కానీ సిపాయి ముప్పై ఏడేళ్ళకి తనంతట తాను దిగిపోవడం లేదు. సైన్యానికి కుర్రతనం కావాలి. మంచుకొండ మీద బరువు మోసుకుంటూ ఎక్కడానికి యాభై ఏళ్ళవాడు పనికిరాడు. అందుకని పద్ధెనిమిదేళ్ళకి తీసుకుని, పదిహేడేళ్ళో ఇంకొంచెం ఎక్కువో చేయించుకుని పంపించేస్తారు. పైకి వెళ్ళేకొద్దీ వయసు పెరుగుతుంది. కర్నల్ 54 దాకా, లెఫ్టినెంట్ జనరల్ 60 దాకా ఉండొచ్చు. అట్టడుగున ఉన్న జవానే అందరికంటే ముందు ఇల్లు చేరేది. ఇంటికొచ్చేసరికి పిల్లలు ఇంకా బడిలోనే ఉంటారు, తల్లిదండ్రులు ముసలివాళ్ళయి ఉంటారు. అతనికి వచ్చిన పనికేమో బయట కొనేవాడు లేడు. సెక్యూరిటీ గార్డు ఉద్యోగాలే దిక్కు.

కాబట్టి సిపాయి పింఛను తొందరగా వచ్చిన వరం కాదు. ఒక మనిషి కుర్రతనాన్ని వాడుకుని, మిగిలిన జీవితాన్ని మధ్యలో తుంచి అతని చేతికే ఇచ్చినందుకు కట్టాల్సిన ధర. కుర్రతనం కావాలనుకున్నది సైన్యం. ఆ కోరిక ఖర్చు కూడా సైన్యమే భరించాలి. మొత్తం జవాను మీదికి తోసేయకూడదు.

గీత, గోడ

సిపాయికి పింఛను రావాలంటే 15 ఏళ్ళ అర్హత సర్వీసు ఉండాలి. అధికారికైతే 20 ఏళ్ళు. ఇక్కడే అసలు ముడి ఉంది.

గీత లేకుండా ఏ నియమమూ ఉండదని మాకు తెలుసు. బడిలో 35 మార్కుల దగ్గర గీత గీసేది మేమే. 34 వచ్చినవాడికి, 35 వచ్చినవాడికి చదువులో తేడా ఏముంది? ఏమీ లేదు. అయినా ఎక్కడో ఒకచోట గీయాలి. కానీ 34 వచ్చినవాడికి సప్లిమెంటరీ ఉంది. నెల రోజుల్లో మళ్ళీ రాసుకోవచ్చు. పద్నాలుగేళ్ళు సైన్యంలో గడిపినవాడికి సప్లిమెంటరీ ఏది? ఆ పద్నాలుగేళ్ళు మళ్ళీ రావు.

గీతకి ఇటుపక్క నిలబడితే జీవితాంతం పింఛను, అటుపక్క నిలబడితే గ్రాట్యుటీ మాత్రమే అంటే దాన్ని గీత అనకూడదు, గోడ అనాలి. గీత దగ్గర మెట్లుంటాయి. గోడ దగ్గర మెట్లుండవు. నియమం రాసినవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. అందుకే పదిహేనేళ్ళకి కొద్ది నెలలు తక్కువైతే ఆ లోటుని మన్నించే వీలు నియమాల్లోనే పెట్టారు. మొదట్లో ఆరు నెలల దాకా ఉన్న ఆ వీలుని తర్వాత పన్నెండు నెలల దాకా పెంచారు. అంటే పద్నాలుగేళ్ళు చేసినవాడిని పదిహేనేళ్ళు చేసినట్టే చూడొచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. గోడకి ఒక్క మెట్టు కట్టారన్నమాట. అయినా ఆ మెట్టు కోసం కోర్టుల చుట్టూ తిరిగిన మాజీ సైనికులు ఉన్నారు.

అధికారుల్లో కూడా ఈ గోడ ఉంది. షార్ట్ సర్వీస్ కమిషన్‌లో చేరినవాళ్ళకి పదేళ్ళు, పెంచితే పద్నాలుగేళ్ళు. పింఛనుకి ఇరవై కావాలి కాబట్టి ఎంత బాగా పనిచేసినా వాళ్ళు పింఛను గడప తొక్కలేరు. చాలాకాలం స్త్రీలకి ఎక్కువ శాఖల్లో ఈ షార్ట్ సర్వీస్ తప్ప వేరే దారి లేదు. మగవాళ్ళకి మాత్రం శాశ్వత కమిషన్‌కి తలుపు తెరిచే ఉంది. 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా చెల్లదంది. స్త్రీలకీ శాశ్వత కమిషన్ ఇవ్వాలంది. అది దక్కకపోయినా అప్పటికే పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళని ఇరవై ఏళ్ళు నిండేదాకా ఉంచి పింఛనుతో పంపాలంది. ఇక్కడ మన పిల్లలు గమనించాల్సింది ఒకటుంది. నియమం కొండరాయి కాదు. మనుషులు రాశారు, మనుషులు ప్రశ్నించారు, మారింది.

గాయపడినవాడి వాటా

మన ఏజెన్సీలో ఇటుకల పండుగకి ఊరంతా కలిసి వేటకి వెళ్ళే ఆచారం పెద్దవాళ్ళకి గుర్తుంది. దొరికిన వేటని వాటాలు వేసేవాళ్ళు. గురి చూసి కొట్టినవాడికి ఒక ప్రత్యేకమైన వాటా ఉండొచ్చు. కానీ మిగతాది కలిసి నడిచిన అందరిదీ. వేటలో కాలు విరిగి మధ్యలో వెనక్కొచ్చినవాడికి "నువ్వు చివరిదాకా లేవు, నీకు వాటా లేదు" అని మన పెద్దలు అనగలరా? అంటే ఊరు ఊరుకుంటుందా? వాటాకి కొలత చివరిదాకా ఉండటం కాదు, కలిసి బయలుదేరడం.

సైన్యపు నియమాలు ఈ చిన్న విషయాన్ని తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. సర్వీసు కారణంగా రాని జబ్బో, వైకల్యమో వచ్చి పదేళ్ళలోపే బయటికి వచ్చిన జవానుకి గ్రాట్యుటీ మాత్రమే ఇచ్చి పంపేవాళ్ళు. ఇంకే ఉద్యోగమూ చేయలేని స్థితిలో ఉన్నా అంతే. 2020 జూలైలో కేంద్రం ఈ పదేళ్ళ షరతు తీసేసి, అలాంటివాళ్ళకి ఇన్‌వాలిడ్ పింఛను ఇస్తామంది. మంచి మార్పే. కానీ 2019 జనవరి 4న గానీ ఆ తర్వాత గానీ సర్వీసులో ఉన్నవాళ్ళకే అని మళ్ళీ ఒక తేదీ పెట్టింది. అంతకుముందు పడిపోయినవాడి నొప్పి వేరా? తేదీతో గీసిన గీత ఎంత గుడ్డిదో నకారా తీర్పు చెప్పి అప్పటికి దాదాపు నలభై ఏళ్ళు.

నాలుగేళ్ళ లెక్క

ఇప్పుడు మన కుర్రాళ్ళ ప్రశ్నకి వద్దాం. 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించారు. పదిహేడున్నర నుంచి 21 ఏళ్ళలోపు వాళ్ళని తీసుకుంటామని అప్పుడు చెప్పారు. శిక్షణతో కలిపి నాలుగేళ్ళు. చివర్లో 25 శాతం మందిని మించకుండా శాశ్వత సర్వీసులోకి తీసుకుని మిగతావాళ్ళని పంపిస్తారు. పంపినవాళ్ళకి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. ప్రకటన వచ్చిన మూడోరోజే, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్‌లో గొడవ జరిగి, పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు చనిపోవడం మనందరికీ గుర్తుంది.

జీతం మొదటి ఏడాది నెలకి 30,000. నాలుగో ఏడాదికి 40,000. అందులో 30 శాతం సేవా నిధికి కోస్తారు. నాలుగేళ్ళలో అలా కోసింది 5.02 లక్షలు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు చేతికిస్తారు. పెద్ద మొత్తంలాగే వినిపిస్తుంది. కానీ అందులో సగం ఆ కుర్రాడి సొంత జీతమే. ఆ మొత్తాన్ని ముట్టుకోకుండా బ్యాంకులో వేసి ఏడాదికి 7 శాతం వడ్డీ వచ్చిందనుకున్నా నెలకి సుమారు 6,830 మాత్రమే. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుకి కనీస పింఛనే 2016 నుంచి నెలకి 9,000, పైగా కరువు భత్యం. ఈ లెక్కని ఎనిమిదో తరగతి పిల్లలతో బోర్డు మీద చేయించొచ్చు.

ఒక్కసారి వచ్చే డబ్బుకీ, నెలనెలా వచ్చే డబ్బుకీ ఉన్న తేడా మన ఇళ్ళకి ఇంకా బాగా తెలుసు. ప్రాజెక్టు కింద భూమి పోయి నష్టపరిహారం చేతికొచ్చిన ఊళ్ళలో ఆ డబ్బు ఎన్నాళ్ళు నిలిచిందో అడిగి చూడండి. బండి కొనమని ఒకరు, చిట్టీ కట్టమని ఒకరు, అప్పు ఇమ్మని ఒకరు గుమ్మంలోకి వస్తారు. నెలనెలా వచ్చే పింఛను మాత్రం కొండ ఊట లాంటిది. సన్నగానే వస్తుంది, కానీ ఎండాకాలంలో కూడా వస్తుంది.

ప్రాణం పోయినప్పటి సంగతి కూడా చూడాలి. యుద్ధంలో రెగ్యులర్ జవాను చనిపోతే అతని ఇంటికి చివరి జీతంతో సమానమైన కుటుంబ పింఛను నెలనెలా వస్తుంది. విధి నిర్వహణలో అగ్నివీర్ చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, ఇంకా కొన్ని మొత్తాలు వస్తాయి. అది తక్కువని మేము అనడం లేదు. కానీ నెలనెలా వచ్చే కుటుంబ పింఛను మాత్రం లేదు. ఇద్దరూ నిలబడింది ఒకే కొండ అంచున. తగిలింది ఒకే తూటా. తుపాకీ కాల్చినవాడు వీడెన్నేళ్ళకి చేరాడో అడిగి కాల్చలేదు.

1971 డిసెంబర్‌లో గంగాసాగర్ దగ్గర పోరాడి ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందిన ఆల్బర్ట్ ఎక్కా జార్ఖండ్ ప్రాంతపు ఉరావ్ ఆదివాసీ. ఆయన పేరు మన పిల్లలకి చెబుతాం, గర్వపడతాం. ఆయనది లాంస్ నాయక్ హోదా. ధైర్యానికి హోదా లేదని, సర్వీసు పుస్తకం లేదని ఆయన మరణం చెబుతోంది. ప్రమాదం ఒక్కటే అయినప్పుడు ఆ ప్రమాదానికి కట్టే ధర రెండు రకాలుగా ఉండకూడదు. ఇది మా మొదటి మాట.

అవతలి వాదన

అవతలి వాదన కూడా నిజాయితీగా వినాలి. 2025–26 బడ్జెట్‌లో రక్షణ శాఖకి 6.81 లక్షల కోట్లు కేటాయిస్తే అందులో సుమారు 1.61 లక్షల కోట్లు పింఛన్లకే కేటాయించారు. రక్షణ శాఖ సివిల్ ఉద్యోగుల పింఛన్లు కూడా అందులోనే ఉన్నాయి. ఇంత డబ్బు పింఛన్లకి పోతే కొత్త ఆయుధాలు ఎలా కొంటారని అడుగుతారు. సైన్యం సగటు వయసు 32 నుంచి 26కి తగ్గాలంటారు. ఆ డబ్బు బడులకీ ఆసుపత్రులకీ కూడా కావాలన్నది మేము కాదనలేం. మా ఆశ్రమ పాఠశాల పైకప్పు కూడా ఆ బడ్జెట్లలో నుంచే రావాలి.

ఈ వాదనలో నిజం ఉంది. ఖర్చు నిజం. కానీ ఖర్చు తగ్గించాలంటే ఎవరి దగ్గర నుంచి మొదలుపెట్టాలి అన్నది వేరే ప్రశ్న. ఈ పథకం అధికారులకి వర్తించదు. అట్టడుగున చేరే కుర్రాళ్ళకే వర్తిస్తుంది. పొదుపు అవసరమైనప్పుడు దాన్ని అందరి కంచంలో నుంచి కొంచెం కొంచెం తీయాలి. చివరి బంతిలో కూర్చున్నవాడి కంచం మొత్తం తీసేయడం పొదుపు కాదు.

ఢిల్లీ హైకోర్టు 2023 ఫిబ్రవరి 27న ఈ పథకం చెల్లుతుందంది. ఆ తర్వాత ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. కాబట్టి పథకం చట్టబద్ధమే. చట్టం ఒప్పుకుందంటే విధానం చేసే అధికారం ప్రభుత్వానికి ఉందని అర్థం. ఆ విధానం మంచిదా కాదా అని అడిగే బాధ్యత మాత్రం మనదే.

సంతకం పెట్టాడు కదా

చివరికి అందరూ వచ్చి ఆగే వాదన ఒకటుంది. "ఎవరూ బలవంతం చేయలేదు. షరతులు ముందే చెప్పారు. ఇష్టపడే చేరాడు. సంతకం పెట్టాడు. ఇంకా అన్యాయం ఎక్కడుంది?"

ఈ వాదనకి జవాబు చెప్పడానికి మన ఏజెన్సీని మించిన చోటు లేదు. మన దగ్గర 1/70 చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసీ తన భూమిని గిరిజనేతరుడికి అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. ఇష్టపడే అమ్మినా చెల్లదు. సంతకం పెట్టినా చెల్లదు. డబ్బు ముట్టినా చెల్లదు. ఎందుకని? ఆకలి, అప్పు, జబ్బు ఒక పక్కన, డబ్బు సంచి ఇంకో పక్కన ఉన్నప్పుడు పెట్టే సంతకం పూర్తి ఇష్టం కాదని ఆ చట్టం గుర్తించింది. అప్పు కింద పాలేరుగా కుదిరినవాళ్ళు కూడా ఒకప్పుడు వేలిముద్ర వేసే వెళ్ళారు. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థని రద్దు చేసిన చట్టం ఆ వేలిముద్రల్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఒప్పుకోవడం న్యాయానికి అవసరమే. కానీ ఒప్పుకోవడం ఒక్కటే న్యాయం కాదు. ఇంటర్ అయ్యాక ఉపాధి లేని కుర్రాడికి నాలుగేళ్ళ ఉద్యోగం కనిపిస్తే పరుగెత్తుతాడు. ఆ పరుగుని చూసి "చూశారా, షరతులు వీళ్ళకి నచ్చాయి" అనడం సరికాదు. దారులు తక్కువున్నవాడి అంగీకారాన్ని ఎంత బలంగా వాడుకుంటే అంత జాగ్రత్తగా అతనికి ప్రతిఫలం ఇవ్వాలి. 1/70 మనకి నేర్పిన పాఠం ఇదే. ఇది మా రెండో మాట.

ఇందులో ఇంకా చేదైన ఉదాహరణ మన పక్కనే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో మన కోయ, గోండు కుర్రాళ్ళని స్పెషల్ పోలీస్ ఆఫీసర్లని పేరుపెట్టి, నెలకి 3,000 గౌరవ వేతనం మీద, కొద్దిపాటి శిక్షణతో తుపాకులిచ్చి ముందు నిలబెట్టారు. ఐదో తరగతి చదివితే చాలన్నారు. నందినీ సుందర్ కేసులో 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధమంది. వాళ్ళూ ఇష్టపడే చేరారని ప్రభుత్వం వాదించింది. అంత తక్కువ చదువుతో, అంత భయం మధ్య ఇచ్చిన అంగీకారం తెలిసి ఇచ్చిన అంగీకారం ఎలా అవుతుందని కోర్టు సందేహించింది. ప్రమాదం పూర్తిగా పోలీసుది, జీతం మాత్రం కూలిది. అది ఎటువైపు రాజకీయం అన్న తగవు పక్కన పెట్టినా, ఈ లెక్క ఏ తక్కెడలోనూ తూగదు.

కొండవాడి ఖర్చు తక్కువా?

దేశం దాటితే గూర్ఖాల కథ ఉంది. వాళ్ళూ మనలాంటి కొండ జనమే. 1947లో భారత్, నేపాల్, బ్రిటన్ ఒప్పందం చేసుకున్నాక కొన్ని గూర్ఖా రెజిమెంట్లు బ్రిటిష్ సైన్యంలోకి వెళ్ళాయి. వాళ్ళ పింఛనుని భారత సైన్యపు రేట్లకి ముడిపెట్టారు. పదిహేనేళ్ళకే వస్తుంది కానీ పక్కన నిలబడి పోరాడిన బ్రిటిష్ సైనికుడి పింఛనుతో పోలిస్తే చాలా తక్కువ. ఎందుకని అడిగితే, రిటైరయ్యాక వాళ్ళు నేపాల్ కొండల్లోనే ఉంటారు, అక్కడ ఖర్చు తక్కువ అన్నారు. తర్వాత బ్రిటిష్ సైనికులతో సమానంగా మారుస్తామన్నప్పుడు 1997 జూలై 1 దగ్గర గీత గీసి, అంతకుముందు సర్వీసుని తక్కువ విలువకి లెక్కగట్టారు. గూర్ఖాలు యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్ళారు. 2016లో అక్కడ ఓడిపోయారు. అయినా ఆ ప్రశ్న ఓడిపోలేదు. 2021లో కూడా మాజీ గూర్ఖా సైనికులు లండన్‌లో ప్రధాని ఇంటి ముందు నిరాహారదీక్ష చేశారు.

"కొండల్లో ఖర్చు తక్కువ కదా" అన్న మాట మనం వినని మాట కాదు. అడ్డాకులకీ, చింతపండుకీ ధర కట్టేటప్పుడు విన్నాం. కూలి ఇచ్చేటప్పుడు విన్నాం. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించిన బాస్టియన్ దొర కాలంలో మన తాతలు విన్నారు. ఆ అన్యాయపు కూలి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి ఒక కారణమైంది. మనిషి చేసిన పనికి ధర కట్టాలి కానీ అతని ఇల్లు ఎక్కడుందో చూసి కాదు. ఇది మా మూడో మాట.

మన ఇంట్లో కూడా

ఈ గీతలు సైన్యంలోనే ఉన్నాయనుకోకండి. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరిన మా టీచర్లకి పాత పింఛను లేదు, సీపీఎస్ మాత్రమే. స్టాఫ్‌రూంలో పక్కపక్కన కూర్చుని ఒకే పాఠం చెప్పే ఇద్దరిలో ఒకరికి పింఛను, ఇంకొకరికి షేర్ మార్కెట్ మీద నమ్మకం. ఆశ్రమ పాఠశాలల్లో సీఆర్‌టీలుగా ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మన ఆదివాసీ టీచర్లకి అది కూడా దిక్కు లేదు. సరిహద్దులో కాపలా కాసే బీఎస్ఎఫ్ జవాను, మన అడవుల్లో తిరిగే సీఆర్‌పీఎఫ్ జవాను కూడా 2004 నుంచి చేరితే పాత పింఛనుకి బయటే. 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు వాళ్ళకి అనుకూలంగా తీర్పు ఇచ్చినా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

ఇలాంటప్పుడు మనుషులు ఒకరినొకరు చూసి అసూయపడటం సులువు. "వాళ్ళకుంది, మాకెందుకు లేదు" అన్న మాట కాస్తా "వాళ్ళకి కూడా తీసేయండి" అన్న మాటగా మారడానికి ఎంతోసేపు పట్టదు. అది మన న్యాయం కాదు. ఊటబావిలో నీళ్ళు చాలకపోతే ఇంకో చెలమ తవ్వుతాం. పక్కింటి కుండ పగలగొట్టం.

మనం ఏం అడగాలి?

అందరికీ ఒకే పింఛను ఇవ్వాలని మేము అనడం లేదు. నాలుగేళ్ళు చేసినవాడికి ఇరవై ఏళ్ళు చేసినవాడంత రావాలనడం కూడా న్యాయం కాదు. గోడ స్థానంలో మెట్లు ఉండాలంటున్నాం. నాలుగేళ్ళకి నాలుగేళ్ళంత, పదేళ్ళకి పదేళ్ళంత రావాలి. అగ్నివీర్‌గా చేసిన నాలుగేళ్ళు, తర్వాత పోలీసులోనో ఇంకో ప్రభుత్వ ఉద్యోగంలోనో చేరితే ఆ సర్వీసులో కలవాలి. గాయపడినవాడికి, ప్రాణం పోయినవాడి ఇంటికి మాత్రం ఏళ్ళ లెక్క అసలు అడ్డు రాకూడదు. అక్కడ ఒకే కొలత ఉండాలి.

మొదటి విడత అగ్నివీరులు 2022 చివర, 2023 మొదట్లో శిక్షణకి వెళ్ళారు. వాళ్ళ నాలుగేళ్ళు నిండేది 2026 చివర, 2027 మొదట్లో. అప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాళ్ళు వేల మంది ఊళ్ళకి తిరిగొస్తారు. మన గూడేలకీ కొందరు వస్తారు. వాళ్ళని పనికిరాని సరుకులా చూడకుండా, దేశానికి బాకీ ఉన్న మనుషుల్లా కాదు, దేశమే బాకీ ఉన్న మనుషుల్లా చూడటం మన ఊరితోనే మొదలవ్వాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సైన్యంలో చేరొద్దని మేము చెప్పం. అది గౌరవమైన పని. చేరేముందు మాత్రం మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. నాలుగేళ్ళయ్యాక చేతిలో ఏముంటుంది? ఒంటికి ఏదైనా అయితే ఇంటికి ఏమొస్తుంది? ఆ నాలుగేళ్ళలో చదువు ఎక్కడ ఆగుతుంది, మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ మూడింటికీ జవాబు దొరక్కపోతే రిక్రూట్‌మెంట్ ఆఫీసులో అడగండి. అడగడం దేశభక్తికి తక్కువేమీ కాదు.

తోటి టీచర్లకి ఒక్కమాట. 1/70 ని మనం క్లాసులో చెబుతున్నాం. అటవీ హక్కుల చట్టం చెబుతున్నాం. ఈ సర్వీసు నియమాల్ని కూడా అలాగే చెబుదాం. మన పిల్లలు ఎక్కడ సంతకం పెట్టినా, ఆ కాగితంలో ఏముందో, ఏం లేదో చదివి పెట్టేలా చేయడం మన పని.